సొర ముక్కలు కొన్న కూతురు

తాక్ మాన్సు అంటే బూసాన్ రేవు పక్కనున్న మా యోంగ్‌దో దీవిలో ఎవరికీ పడదు. అయినా అవసరం వచ్చినప్పుడు అందరూ వాడి మెట్లే ఎక్కేవారు. ఇల్లు విడిచి పోయినవాళ్ళని వెతికి పెట్టడం వాడి పని. డిటెక్టివ్ అని బోర్డు రాయించుకుంటే చట్టం ఊరుకోదు కనుక, ‘మీ పనులు చేసిపెడతాం’ అని అట్టముక్క మీద రాసి నా హోటలు పైనున్న గదికి తగిలించాడు. నేను కింద పంది ఎముకల పులుసు మరిగించి అన్నంలో పోసి అమ్ముతాను. మెట్లు నా పొయ్యి పక్కనుంచే పోతాయి కాబట్టి ఎవరు ఏడుస్తూ ఎక్కారో, ఎవరు మొహం దాచుకుని దిగారో నాకు తెలియకుండా ఉండేది కాదు. వాడు నాకంటే చాలా చిన్న. నన్ను అక్కా అనేవాడు. నేను వాణ్ణి ఏమని పిలిచేదాన్నో రాయడం బాగుండదు.

కుర్రతనంలో దూర సముద్రాల్లో చేపల ఓడ మీద పనిచేశాడు. అక్కడ తాడు తెగి మూతికి తగిలి ముందు పన్ను ఒకటి పోయింది. కట్టించుకోరా అంటే, ఈల వేయడానికి ఇదే వీలు అనేవాడు. వాళ్ళమ్మ కొరియా యుద్ధంలో ఉత్తరం నుంచి పారిపోయి వచ్చేటప్పుడు చెల్లెలి చెయ్యి జారవిడుచుకుంది. బూసాన్ చేరితే యోంగ్‌దో వంతెన దగ్గర కలుసుకుందామని ఆ రోజుల్లో అందరూ అనుకున్నట్టే వాళ్ళూ అనుకున్నారట. చెల్లెలు రాలేదు. ఆవిడ ముసలిదయ్యేదాకా ఆ వంతెన దగ్గరికి పోయి నిలబడేది. చివరికి మాన్సు ఓడ పని మానేసి, ఊరూరా తిరిగి, ఆ పిన్నిని తేగూ పట్నం నుంచి పట్టుకొచ్చాడు. అక్కచెల్లెళ్ళిద్దరూ నా హోటలు ముందే ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని కూలబడిపోయారు. వీధంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ రోజుతో వాడికి వెతకడం ఒక మత్తయిపోయింది.

అక్కడే మా ఇద్దరికీ పేచీ. దొరకడమంటే మంచిదే అని వాడి నమ్మకం. కొంతమంది దొరక్కుండా ఉండటానికే పోతారు, ఎందుకు పోయారో కనుక్కున్నావా అని నేను అడిగితే నవ్వేసేవాడు. మొగుడు లేని దానివి, నీకు అనుమానాలెక్కువ అనేవాడు. నా మొగుడు ఎలాంటివాడో తెలిస్తే అలా అనేవాడు కాదు. కానీ ఆ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

వెతకడంలో వాడి పద్ధతి వేరు. మనిషి పేరు మార్చుకుంటాడు, జుట్టు మార్చుకుంటాడు, నాలుక మాత్రం మార్చుకోలేడు అనేవాడు. పారిపోయినవాళ్ళ ఇళ్ళకు పోయి వాళ్ళు ఏం తినేవారో, ఏ ఉప్పు రొయ్యలు వాడేవారో, పండక్కి ఏం వండేవారో అడిగి, ఆ సరుకు అమ్మే కొట్టు దగ్గర కాపేసేవాడు. ఎక్కువసార్లు దొరికేవారు.

మా వీధిలో ఓడల మరమ్మతు షెడ్లు సగం మూతపడిన ఏడాది వసంతంలో ఒక మనిషి వచ్చాడు. శుభ్రమైన కోటు, తళతళలాడే బూట్లు. లోపలికి వస్తూనే నాకు నడుం వంచి దండం పెట్టాడు. మాన్సు లేడంటే కూర్చుని గిన్నెడు పులుసన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాడు. మా అమ్మ చేతి పులుసు ఇలాగే ఉండేదండీ అన్నాడు. అబద్ధం చెప్పను, నాకు నచ్చాడు. మాన్సు వచ్చాక నా బల్ల దగ్గరే మాట్లాడుకున్నారు. తన పేరు గూ అనీ, చెల్లెలు గూ యోన్‌సిల్ ఏదో అప్రతిష్ఠ పని చేసి కూతుర్ని తీసుకుని ఇల్లు విడిచిపోయిందనీ చెప్పాడు. వచ్చే నెలలో అమ్మ తద్దినం, ఈసారైనా అన్నాచెల్లెళ్ళం కలిసి దండం పెట్టుకోవాలని ఉందన్నాడు. తద్దినం తిథి చాంద్రమాసంతో సహా తడుముకోకుండా చెప్పాడు. కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నాడు. కన్నకొడుకు కాకపోతే అంత కచ్చితంగా ఎవరు చెప్తారని మాన్సు ఆ క్షణంలోనే నమ్మాడు.

ఆ గూ వాళ్ళది యోంగ్‌చోన్. సముద్రం కంటికి ఆనని ఆ ఊళ్ళో తద్దినానికి ఉప్పు పట్టించిన సొరచేప ముక్కలు పుల్లలకు గుచ్చి కాల్చి పెట్టకపోతే పోయినవాళ్ళు పస్తుంటారని నమ్మకం. బూసాన్‌లో ఎన్ని చేపలున్నా మా తద్దినం బల్లల మీద సొరకి చోటు లేదు. చగాల్చి చేపల బజారులో ఆ సరుకు కోసి ఇచ్చే ముసలమ్మ ఒకర్తే ఉంది. మాన్సు తద్దినం ముందురోజున ఆ కొట్టు దగ్గర ఉప్పుచేపల పీపాల వెనక నిలబడ్డాడు. యోన్‌సిల్ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. సొర ముక్కలు కొంది. వాడు వెనకాలే పోయి, మా కొండ మీద మెట్లు ఉన్నంత దూరం ఎక్కి, నీలం రేకుల ఇల్లు చూసి వచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం ఆ అన్నగారికి చిరునామా చెప్పేశాడు.

చెప్పేసి నా హోటలుకు వచ్చి కూర్చున్నాడు. సాయంత్రం ఎండ ఇంకా పోలేదు. సోజు సారా సీసా తెరిచి, తన తెలివి గురించి తానే మురిసిపోతూ సంగతంతా చెప్పాడు. ఈ రాత్రి ఆ ఇంట్లో అన్నాచెల్లెళ్ళు కలిసి అమ్మకు దండం పెడతారన్నాడు. నేను ముల్లంగి తరుగుతూ వింటున్నాను. ఎంత కొంది అని అడిగాను. ఊరికే అడిగాను. పూర్తి తద్దినానికి సరిపడా కొందన్నాడు. సొర, బేరిపళ్ళు, అగరొత్తులు, చారెడు మంచి బియ్యం.

నా చెయ్యి ఆగిపోయింది.

"ఒరేయ్, కొడుకున్న ఇంట్లో తద్దినం కూతురు పెట్టడమేంట్రా? అన్న ఉంటే ఆవిడెందుకు కొంటుంది?" అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టాడు. తద్దినం తిథి కొడుక్కే కాదు, అల్లుడికీ తెలుస్తుంది కదరా అని నేను పూర్తిచేసేలోపే వాడు వీధిలో పరుగెడుతున్నాడు.

తర్వాత జరిగింది వాడు కోర్టులో చెప్పాక నాకు తెలిసింది. మా కొండకు టాక్సీ ఎక్కదు. మెట్ల మీద పడుతూ లేస్తూ పోయాడు. నీలం రేకుల ఇంటి గుమ్మం ముందు ఆ తళతళలాడే బూట్లు విడిచి ఉన్నాయి, పక్కపక్కన, ముక్కులు వీధివైపు పెట్టి. చంపడానికి వచ్చినవాడు కూడా బూట్లు విప్పి సర్దుకుని లోపలికి పోయాడు. వంటగదిలో యోన్‌సిల్ నేల మీద ఉంది. మెడ నల్లబడిపోయింది. ఆ మనిషి, ఆవిడ మొగుడు మేంగ్ దోషిక్, గంగాళంలో చేతులు కడుక్కుంటున్నాడు.

మాన్సు మీదికి ఉరికాడు. మేంగ్ వాడికంటే వయసులో చిన్న, ఒంట్లో గట్టి. ఇనప మూకుడుతో మాన్సు తల పగలగొట్టాడు. మాన్సు వాడి ముంజేతిని పళ్ళతో పట్టుకుని వదల్లేదు. గింజుకుని గింజుకుని మేంగ్ విడిపించుకుని కిటికీలోంచి పక్కింటి కప్పు మీదికి దూకాడు. నెత్తురు కళ్ళలోకి కారుతుంటే మాన్సు కూడా దూకాడు. జాడీలు పేర్చిన డాబాల మీదుగా, ఆరేసిన దుప్పట్ల మధ్య నుంచి తరుముకుంటూ పోయాడు. నాలుగిళ్ళ అవతల పాత రేకు విరిగి కోళ్ళ గూడులో పడ్డాడు. మోకాలు పోయింది. అక్కణ్ణుంచే చూశాడట, మేంగ్ తాపీగా వెనక్కి తిరిగి పోయి, గుమ్మం ముందు కూర్చుని, బూట్లు తొడుక్కుని దిగిపోవడం. కుంటుకుంటూ ఆ ఇంటికి చేరి, ఆవిడ ఊపిరి తీస్తుందేమోనని మెడ పట్టుకుని ఊపుతుండగా ఇరుగుపొరుగు వచ్చారు. ఆవిడ కూతురు, దారే అనే పిల్ల, పూసల చట్రంతో లెక్కలు నేర్పే బడి నుంచి అప్పుడే ఇంటికి వస్తోంది. పక్కింటావిడ ఆ పిల్ల మొహం తన పొట్టకు అదుముకుని దాచేసింది. పోలీసులు వచ్చి మాన్సుని పట్టుకుపోయారు.

మేంగ్ మర్నాడు తేగూ నుంచి ఏడుస్తూ దిగాడు. ఎవడో నా పెళ్ళాం జాడ చెప్తానని డబ్బు కోసం వేధిస్తున్నాడు, ఇవ్వనన్నందుకు ఇలా చేశాడన్నాడు. మాన్సు గదిలో, వెతకడానికి మేంగే ఇచ్చిన యోన్‌సిల్ ఫోటోలున్నాయి. బట్టల నిండా నెత్తురుంది. ఆవిడ మెడ మీద వాడి వేలిముద్రలున్నాయి. ఇంకేం కావాలి. నేను చేతులు తుడుచుకుని స్టేషనుకు పోయి, ఆ మొగుడే అన్ననని చెప్పి నా హోటల్లో తిన్నాడు, నేను చూశాను అని చెప్పాను. ఒక చిన్న ఆఫీసరు నన్ను కూర్చోబెట్టి, అమ్మమ్మా, అతనే ఒప్పుకున్నాడు, ఇక మీరు ఇంటికి పోండి అన్నాడు.

నిజమే. కొట్టలేదట, బెదిరించలేదట. ఎవరు చంపారు అని అడిగితే, నేనే అన్నాడు.

ఒప్పుకున్నాక ఇక మిగిలింది ఎలా చంపాడో జనం ముందు చేసి చూపించడం, మా పోలీసుల పద్ధతి అది. టోపీ పెట్టి, మూతికి గుడ్డ కట్టి, నడుముకి తాడు వేసి వాణ్ణి ఆ ఇంటికి తీసుకొచ్చారు. మెట్ల నిండా జనం. అందరిలో నేనూ ఉన్నాను. ఆవిడకు బదులు బొమ్మను పడుకోబెట్టారు. ఎలా పట్టుకున్నావో చూపించమంటే వాడికి తెలియదు. ఎలా తెలుస్తుంది? పోలీసే వాడి చెయ్యి పట్టుకుని ఇలా కదా, ఇలా కదా అని చూపించాడు. మాన్సు ఆ బొమ్మ ముందు మోకాళ్ళ మీద కూలబడి, నుదురు నేలకు ఆనించి, తప్పయింది, తప్పయింది అంటూనే ఉన్నాడు. తాడు పట్టి లాగినా లేవలేదు. ఎవరో ఆవిడ వాడి మీదికి గుడ్డు విసిరింది. నా పక్కనున్నాయన, చూశారా, చేసినవాడు కాకపోతే అలా ఏడుస్తాడా అన్నాడు. వాడి నిజమైన ఏడుపే వాడి మీద దొంగ సాక్ష్యమైంది. నాకు ఒళ్ళు మండిపోయింది, వాడి మీదా, ఆ మనిషి మీదా.

జైలుకి పోయాను. అద్దం అవతల కూర్చున్నాడు. గడ్డం మాసి, కళ్ళు గుంటలు పడి. ఎందుకు ఒప్పుకున్నావురా అంటే, అబద్ధం కాదు కదక్కా అన్నాడు. ఇల్లు చూపించినవాడికీ గొంతు పిసికినవాడికీ తేడా లేదా అని అడిగాను.  దానికి అప్పటిదాకా ఎవరికీ చెప్పని ముక్క చెప్పాడు.

"కొట్లో ముసలమ్మ చెప్పిందక్కా. యోన్‌సిల్ అటు వెళ్ళగానే నాతో అంది. పాపం, ఒక్కతే కూతురు, ఆ ఇంట్లో తద్దినం గిన్నె పట్టడానికి మగదిక్కు లేదు, ఏటా ఈవిడే వచ్చి కొనుక్కుపోతుంది అని. నా చెవిన పడింది. విన్నాను. కానీ అప్పటికి దొరికేసింది కదా. దొరికిందంటే నాకింక ఏదీ వినబడదు."

 తెలియక చేశాడనుకుని ఇన్నాళ్ళూ నేను వాణ్ణి వెనకేసుకొచ్చాను. తెలిసే అవకాశం చేతిలో పెట్టినా పారేసుకున్నాడు. ఆ సంగతి మోస్తూ బయట తిరగడం కంటే ఉరి తీస్తే హాయిగా ఉంటుందని వాడి ఉద్దేశం. ఆ ముఖంలో ఒకరకమైన శాంతి కనిపించింది. అది చూసేసరికి నాకు జాలి పోయి కోపం వచ్చింది.

దారే సంగతి అడిగావా అన్నాను. లేదన్నాడు. ఆ పిల్లకి ఇంకెవరూ దగ్గరివాళ్ళు లేరనీ, కేసు తేలిపోయింది కనుక వచ్చే వారం తండ్రికి అప్పగిస్తున్నారనీ చెప్పాను. తెల్లబోయాడు. ఆ మాట వాడికి ఎవరూ చెప్పలేదు. వాడూ అడగలేదు.

"నువ్వు లోపల కూర్చుని గుండె తేలిక చేసుకో. ఆ పిల్ల మాత్రం తల్లిని చంపినవాడి చేతి అన్నం తింటుంది. తప్పయింది, తప్పయింది అని నేలకు చెప్పావు కదా, ఇక చాల్లే," అన్నాను.

గార్డు టైమైందన్నాడు. నేను లేచాను. వాడు అద్దానికి చెయ్యి ఆనించి నన్ను ఆగమన్నాడు. నేను ఆగకుండా బయటికి వచ్చేశాను.

మర్నాడు వాడు మాట మార్చాడని కబురొచ్చింది. ఒప్పుకున్నవాడు వెనక్కి తగ్గితే ఎవరు నమ్ముతారు. శిక్షకి భయపడ్డాడని పేపర్లో రాశారు. అయినా కేసు తేలేదాకా పిల్లను అనాథ శరణాలయంలోనే ఉంచారు. నాకు కావలసింది అదే. కోర్టులో ఆ మేంగ్ చేతులు కట్టుకుని, నల్ల సూటులో, పెళ్ళాన్ని పోగొట్టుకున్న మొగుడి మొహం పెట్టుకుని కూర్చున్నాడు. మాన్సు లేచి అన్నీ చెప్పాడు. బూట్లు, కిటికీ, కోళ్ళ గూడు. అంతటితో ఆపొచ్చు. లాయరు కూడా అక్కడికి ఆపమన్నాడు. కానీ సొర ముక్కల ముసలమ్మ మాట దగ్గరికి వచ్చి, అన్న లేడని నాకు ముందే తెలిసింది, అయినా చెప్పాను అన్నాడు. హాలంతా ఛీ అన్నట్టు కదిలింది. ముసలమ్మ వచ్చి అవును, నేనే అన్నాను అంది. నేను లేచి, అన్ననని చెప్పి నా పులుసు తిన్నవాడు వీడే అని మేంగ్‌ని వేలుపెట్టి చూపించాను. జడ్జి మేంగ్‌ని చొక్కా చెయ్యి పైకి లాగమన్నాడు. ముంజేతి మీద పళ్ళ గాటు మానినా మచ్చ పోలేదు. మధ్యలో ఒక పన్ను లేని ఖాళీ కూడా అలాగే ఉంది. అప్పుడు మాత్రం మేంగ్‌కి నల్ల సూటులో చెమట్లు పట్టాయి.

మాన్సు నిర్దోషి అన్నారు, మేంగ్‌ని పోలీసులు పట్టుకుపోయారు. ఆ మాట విని వాడు ఎవరికీ దండం పెట్టలేదు. బయటికి వచ్చాక, జడ్జిగారికి సగమే తెలుసక్కా అన్నాడు. అన్నీ చెప్పావు కదరా అంటే, చెప్పినా ఆ సగానికి శిక్ష లేదన్నాడు. అట్టముక్క తీసి నా పొయ్యిలో పెట్టేశాడు. తర్వాత రేవులో ఓడల తుప్పు కొట్టే పనిలో చేరాడు.

దారేని యోంగ్‌చోన్‌లో తల్లి వైపు దూరపు వరసకు పిన్ని అయ్యే ఒకావిడ తీసుకుంది. ఏడాది తిరిగి యోన్‌సిల్ తద్దినం వచ్చింది. ఆవిడే ఫోను చేసి నన్ను రమ్మంది. అతన్ని కూడా తీసుకురండి, పిల్ల అడుగుతోంది అంది. మాన్సు రానన్నాడు. నేను మెడ పట్టుకుని బస్సెక్కించినంత పని చేశాను.

చిన్న ఇల్లు. బల్ల మీద తల్లి ఫోటో, అన్నం, బేరిపళ్ళు, కాల్చిన సొర ముక్కలు. మాన్సు గుమ్మం దాటి రాకుండా నిలబడిపోయాడు. దారే వాడి ఎదురుగా వచ్చి నిలబడింది. ఏడాదిలో బాగా పొడుగైంది. మొహంలో ఏమీ లేదు. ఆ పిల్ల ఎవరితోనూ పెద్దగా మాట్లాడదని పిన్ని నాతో ముందే అంది.

"బాబాయ్, ఆ రోజు నువ్వు కొట్టు దగ్గర ఉన్నావా?" అని అడిగింది.

ఉన్నానన్నాడు.

"ఈసారి తద్దినం వద్దులే, ఎవరైనా చూస్తారు అంది అమ్మ. అమ్మమ్మకి ఆకలేస్తుందని నేనే ఏడ్చి తీసుకెళ్ళాను. నేను ఏడవకపోతే నువ్వు మమ్మల్ని చూసేవాడివి కాదు కదా?"

పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. ఏడాది పొడుగునా ఆ పిల్ల లోపల ఏం పెట్టుకుని తిరుగుతోందో అప్పుడు తెలిసింది మాకు. నేను ఏదో సర్దిచెప్పబోయాను, నీదేం తప్పు లేదమ్మా అని పెద్దవాళ్ళు అనే మాట. మాన్సు నన్ను ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. మెల్లగా, కుంటి మోకాలిని కూడదీసుకుంటూ, ఆ పిల్ల కళ్ళకు తన కళ్ళు సమంగా వచ్చేదాకా కిందికి కూర్చున్నాడు.

"నువ్వు అమ్మమ్మకి అన్నం పెట్టావు. అది మంచిపని. మీకు మావయ్య లేడని కొట్లో ముసలమ్మ నాతో చెప్పింది. నేను విన్నాను. వినీ మీ ఇల్లు ఎక్కడో మీ నాన్నకి చెప్పాను. చెప్పింది నేను. నువ్వు కాదు."

దారే వాడి మొహం వైపే చూస్తూ ఉంది.

"మళ్ళీ చెప్పు," అంది.

వాడు మళ్ళీ చెప్పాడు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఏదీ తగ్గించకుండా, తల్లి ఫోటో ముందే చెప్పాడు. ఆ పిల్ల ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి కూడా చెప్పాడు. అప్పుడు దారే పెదవులు వణికాయి, పెద్దగా ఏడవడం మొదలుపెట్టింది. తల్లి పోయాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు అని పిన్ని తర్వాత నాకు చెప్పింది.